నా సమీకరణంలో లేని బోర్లు

బోర్డు మీద తప్పులేని లెక్క ఒక తోటను ఎండబెట్టగలదంటే మీరు నమ్ముతారా?

కుందుర్పి దగ్గరి డిగ్రీ కళాశాలలో నేను గణితం చెప్పడం మొదలుపెట్టిన ఏడాది అది. అవకలన సమీకరణాలు వివరించడానికి, లక్ష్మి అనే విద్యార్థిని చేత వాళ్ల చీనీ, అంటే బత్తాయి, తోటలోని బోరు నీటిమట్టం వారం వారం కొలిపించాను. ఆ అంకెలతో తరగతిలో లెక్క కట్టి, వానలదాకా నీళ్లకు ఢోకా లేదని తేల్చాను. సగం చీనీ చెట్లను ఎండనిచ్చి మిగతా సగాన్నైనా దక్కించుకోవాలనుకున్న ఆమె తండ్రి, కూతురు చెప్పిన నా లెక్క నమ్మి తోటంతటికీ నీళ్లు పెట్టారు.

నడివేసవిలోనే బోరు ఎండింది. నేను వెళ్లేసరికి ఆయన ఆకురాలిన చెట్ల మధ్య కూర్చుని ఉన్నారు.

“ఏం సార్, మీరు లెక్క కట్టినాక పక్క చేన్లో రెండు బోర్లేసి మా నీళ్లు లాగేసినారే. అవి మీ లెక్కలో యాడుండాయి?”

“లేవు” అన్నాను.

“అడిగింటే చెప్పింటా కదా. ఒగరి బోర్లో నీళ్లుండాయంటే పక్కోళ్లు ఊరికే ఉంటారా ఈడ?”

పక్కనే ఉన్న లక్ష్మి నా వైపు చూడలేదు.

చదువుకునే రోజుల్లో చర్చా పోటీల్లో ఎదుటివారి ఊహలను ప్రశ్నించి గెలిచిన నేను, ఆ నీళ్లు తోడేది ఒక్క బోరేనన్న నా ఊహను ప్రశ్నించుకోలేదు. ఆ తోటలో ఒక్క చెట్టూ మిగలలేదు.

పాఠాలు చెప్పే మిత్రులారా, చేనుపై సమీకరణం రాసేముందు అక్కడికి వెళ్లి, మీరేం మరిచారో రైతును అడగండి.