తాతయ్య తంతి చెవుడు

మా తాతయ్యకు దేవుడు నోరు ఎందుకిచ్చాడో తెలియదు. ఆయన మాట్లాడేదంతా వేలితోనే. తంతి ఆఫీసులో టెలిగ్రాములు కొట్టి కొట్టి రిటైరయ్యాడు. తరవాత ఆ ఆఫీసూ మూతబడింది, తీగల్ని ఎవరో తూకానికి అమ్మేసుకున్నారు. వేలు మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు. మంచినీళ్లు కావాలంటే గ్లాసు మీద టకటక. కూరలో ఉప్పు తగ్గితే కంచం అంచు మీద టకటక.

“నోటితో అడిగితే ముత్యాలు రాలిపోతాయా?” అనేది నాయనమ్మ.

తాతయ్య బల్ల మీద ఏదో కొట్టేవాడు.

“ఏమంటున్నాడే?” అని నన్నడిగేది.

“నువ్వు చాలా అందంగా ఉన్నావట.”

నిజానికి ఆయనన్నది ‘దీని నోటికి తాళం ఎక్కడ దొరుకుతుంది’ అని. బళ్లో ఎక్కాలు కూడా ఒంటబట్టని నాకు ఈ చుక్కా గీతల భాష మాత్రం వినీ వినీ వచ్చేసింది. మా ఇంట్లో కాపురాలు నిలబడ్డాయంటే నా అనువాదం చలవే.

నాన్న పారేయబోయిన కంప్యూటరును తాతయ్య దక్కించుకుని దానికి టెలిగ్రాములు కొట్టే తన ఇత్తడి మీట తగిలించాడు. పొద్దున సాధన. కంప్యూటరు వార్తల్ని టకటకమని కొడుతుంటే ఈయన విని కాగితం మీద రాసుకునేవాడు.

“పేపరు కొనుక్కుంటే పోలా?” అన్నాడు నాన్న.

‘పేపరు మరీ నత్తనడకరా!’ అని తాతయ్య బల్ల మీద కొడితే నేను చెప్పాను.

సాయంత్రం కచేరీ. ఊళ్లలో మిగిలిన తంతి ముసలాళ్లంతా ఇంటర్నెట్టులో ఒకే లైను మీద చేరేవారు. ఒకరు మీట నొక్కితే అందరి కంప్యూటర్లూ టకటకలాడేవి. తాతయ్య స్పీకరు వెనక ఖాళీ బిస్కెట్ల డబ్బా నిలబెట్టేవాడు. డబ్బా లేకపోతే అక్షరాలు చప్పగా ఉంటాయట.

వాళ్లలో తాతయ్యకు ప్రాణస్నేహితుడూ ఆగర్భశత్రువూ ఒక్కడే. మారుపేరు మెరుపు. వేగంలో ఇద్దరికీ జన్మంతా పోటీ. అవతలివాడు కొట్టింది అందక ‘మళ్లీ కొట్టు’ అనడం తంతివాళ్లకు తలవంపులు. సర్వీసు మొత్తంలో ఆ మాట అనలేదని తాతయ్య కనిపించినవాడి దగ్గరల్లా డప్పు కొట్టుకునేవాడు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి మెరుపును మాటమాటకీ అడగడం మొదలుపెట్టాడు. ‘మళ్లీ కొట్టు.’ ‘వినపళ్లేదు, నెమ్మదిగా కొట్టు.’

నేను నోరు జారి ఇంట్లో చెప్పేశాను. నాన్న లేచాడు.

“ఈ టకటకల వల్లే చెవులు పాడయ్యాయి. డాక్టరు అవునన్నాడో, ఆ కంప్యూటరు అటకెక్కుతుంది!”

చెవుల డాక్టరు పరీక్షలన్నీ చేశాడు. తాతయ్య అన్నిటికీ వేలితోనే సరిగ్గా చెప్పి, ఊరుకోకుండా పక్క గదిలో నర్సు ఆ డాక్టరును గొణుక్కుంటూ తిడుతున్న తిట్లు కూడా బల్ల మీద కొట్టి నాచేత వరుసగా అప్పజెప్పించాడు.

“ఈయన్ని తీసుకెళ్లిపోండి” అన్నాడు డాక్టరు.

బయటికొచ్చాక నాన్న నిలదీశాడు. “మరి ఈ చెవిటి వేషం ఎందుకు నాన్నా?”

తాతయ్య వేలితో గోడ మీద కొట్టబోయి, ఆగి, అరుదుగా నోరు తెరిచాడు.

“మెరుపుకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిందిరా. ఎడం చేత్తో కొడుతున్నాడు. తొందరపడితే అన్నీ తప్పులే. నిన్న కాక మొన్న ఒకడు నవ్వితే ఇంక లైను మీదికి రానన్నాడు. నీ చెయ్యి బాగాలేదు, నెమ్మదిగా కొట్టు అంటే మీట విరగ్గొడతాడు. నా చెవులు బాగాలేవంటే హాయిగా నన్ను తిట్టుకుంటూ నెమ్మదిగా కొడతాడు.”

నాన్న ఇంటికొచ్చి కంప్యూటరు ఆయనే ఆన్ చేశాడు.

ఆ సాయంత్రం మెరుపు లైను మీద అందరికీ ఆజ్ఞ వేశాడు. ఆగి ఆగి, ఒక్కో అక్షరమే. ‘మన చెవిటాయనకు వేగం అందడం లేదు. పాపం, పైకి చెప్పుకోలేడు. ఇకనుంచి అందరూ నాలాగే నెమ్మదిగా కొట్టండి.’

వినగానే తాతయ్య మొహం మతాబాలా వెలిగింది. మీట మీద చెయ్యేసి కొట్టాడు.

‘ఏమన్నావ్? మళ్లీ కొట్టు.’