ఫైటర్ చేపకు లుంగీ కట్టిన రోజు

నా చిన్నప్పుడు మా జాలరిపేటలో చేప అంటే వండుకునేది, ఎండబెట్టుకునేది, గంపకెత్తి అమ్ముకునేది. దాన్ని నీళ్లలో పెట్టి చూస్తూ కూర్చునే ఇల్లు మాదొక్కటే. అందుకు వీధి వీధంతా మమ్మల్ని ఎంత ఆటపట్టించిందో చెప్పలేను. కుళాయి దగ్గరకు బిందె పట్టుకుని వెళితే చాలు, "ఏటే గుంటా, మీ సేప ఇంకా పులుసులోకి దిగనేదా?" అని ఎవరో ఒకరు అడిగేవారు. నాకు ఉక్రోషం వచ్చేది. బిందె సగం నిండకుండానే ఇంటికి వచ్చేసేదాన్ని.

ఆ చేపను తెచ్చింది మా నాన్న. ఆయన హార్బర్లో మరబోటు మీద పనిచేసేవాడు. బోటు వేటకు వెళ్లిందంటే ఎన్నాళ్లకు తిరిగొస్తుందో చెప్పలేం. అందుకని వెళ్లేముందు నాకేదో ఒకటి కొనిచ్చి, నా ఏడుపు ఆపి, అప్పుడు గడప దాటేవాడు. ఆసారి కంచరపాలెంలో చుట్టాలను చూడటానికి వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు ప్లాస్టిక్ సంచిలో నీళ్లూ, ఆ నీళ్లలో వేలెడంత నీలిరంగు చేపా పట్టుకొచ్చాడు. దాని తోక పట్టుచీర కుచ్చిళ్లలా విచ్చుకుని ఉంది. దాన్ని ఫైటర్ అంటారట. రెండు మగవాటిని ఒకచోట వేస్తే చచ్చేదాకా కొట్టుకుంటాయట, అందుకే ఒక్కదాన్నే అమ్ముతారట. "నానొచ్చేదాకా దీన్ని సూసుకో" అని నా చేతికిచ్చాడు. ఆయన మామూలుగానే అన్నాడు. నేను మాత్రం దాన్ని ఒట్టులా పట్టుకున్నాను. చేప బాగుంటే నాన్న బాగుంటాడు, చేపకేమైనా అయితే... ఆ తర్వాతి మాట మనసులో కూడా అనుకునేదాన్ని కాదు.

అమ్మ మిఠాయి కొట్లో అడిగి వెడల్పు మూతి గాజు సీసా తెచ్చింది. మాది ఒకే గది. పిల్లికి అందకుండా పెట్టాలంటే గోడలో గూడు తప్ప వేరే చోటు లేదు. ఆ గూట్లో మేకుకు తగిలించిన అద్దం, దాని ముందు దువ్వెన, పౌడరు డబ్బా, కుంకుమ భరిణె ఉండేవి. వాటిని ఓ పక్కకు జరిపి సీసాను అక్కడ పెట్టాం. అది మొదలు చేప మొప్పలు విప్పార్చి, రెక్కలన్నీ నిక్కించి, అటూ ఇటూ తెగ తిరిగేది. దాని పొగరు చూసి మేం మురిసిపోయాం. అమ్మ కూడా వంట మధ్యలో వచ్చి ఓసారి చూసి పోయేది.

నాన్న వెళ్లాక కొన్నాళ్లకు దాని తోక అంచు చిరిగినట్టు కనిపించింది. పిల్లి పనేమోనని సీసా మూతికి పల్చటి గుడ్డ కట్టాం. చిరుగు ఇంకా పెరిగింది. దిష్టి అయి ఉంటుందని అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇంటిల్లిపాదీ దగ్గాం గానీ చేపకేమీ తగ్గలేదు. అప్పుడు మా మేనత్త రంగంలోకి దిగింది. నాన్నకు అక్క, రెండిళ్ల అవతలే ఉండేది. వీధుల్లో చేపలమ్మీ అమ్మీ ఆవిడ మెల్లగా మాట్లాడటమే మరిచిపోయింది. మావాళ్లలో చెయ్యి తెగినా కాలు చీరుకున్నా సముద్రంలో ముంచడమే మందు. అత్త అదే వైద్యం చేపకూ చేసింది. చెంబుడు సముద్రపు నీళ్లు తెచ్చి సీసాలో పోసింది. చేపన్నాక ఉప్పునీళ్లు పడకపోవడం ఏమిటి? మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. అది ఒక్క గింగిరం తిరిగి అడుక్కి ఒరిగిపోయింది.

నా కేకకు మా తాతయ్య, నాన్నకు తండ్రి, పరుగెత్తుకొచ్చి దాన్ని దోసిట్లోకి తీసి, బిందెలోని మంచినీళ్లలో వదిలాడు. సీసా కడిగి నీళ్లు మార్చి మళ్లీ గూట్లో పెట్టాం. చాలాసేపటికి తేరుకుంది. తేరుకున్నాక అందరి కళ్లముందే గిర్రున తిరిగి తన తోకను తానే నోటితో పట్టుకుని కొరికింది. నీలం ముక్క ఒకటి నీళ్లలో తేలింది.

ఆ రోజులు కూడా మంచివి కావు. సముద్రంలో వాయుగుండం పట్టింది. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. ఒడ్డున తెప్పలన్నిటినీ ఇళ్ల దాకా లాగేశారు. చాలా బోట్లు తిరిగొచ్చాయి గానీ నాన్న ఎక్కిన బోటు రాలేదు. ఏ బోటు ఎక్కడుందో, ఎవరు ఎవరిని చివరిసారి చూశారో మాట్లాడుకోవడానికి ఆడవాళ్లు మా గుమ్మంలోనే చేరేవారు. అమ్మకు తోడుగా ఉందామనే వచ్చేవారు పాపం. నేను తలుపు చాటున నిలబడి వినేదాన్ని. సగం మాటలు వినపడేవి, మిగతా సగం నేను కల్పించుకునేదాన్ని. నా వేళ్లు నోట్లోనే ఉండేవి. గోళ్లు కొరికి కొరికి రక్తం వచ్చేది. అమ్మ వేపాకు రుబ్బి పూసేది, నెత్తిన మొట్టేది. ఆ చేదుకూ ఆ మొట్టికాయకూ అలవాటు పడిపోయాను.

నీళ్లలో తేలిన ఆ నీలం ముక్క చూసి అత్త అంది: "మొగోడు గంగ మీదుంటే ఇంట్లో సేప తన్ను తానే తింటంది. ఇదేటి సకునం? నాను తీసుకుపోయి గంగలో వదిలేత్తాను." మావాళ్లకు గంగంటే సముద్రమే. సీసాను రెండు చేతులా కావలించుకుని ఏడ్చాను. అమ్మ తాతయ్య వైపు చూసింది.

తాతయ్యకు వేటకు వెళ్లే వయసు దాటిపోయింది. ఇంటి ముందు కూర్చుని వలలు బాగుచేసేవాడు. నీళ్ల రంగు చూసి కింద ఏ చేపల గుంపు పోతోందో చెప్పేవాడని పేటలో పేరు. అలాంటి మనిషి సీసాలోకి తొంగి చూసి, "ఈ సేప్ని నానెరగను" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. "సెంబుడు ఉప్పునీళ్లకే ఒరిగిపోనాది. గంగలో ఏత్తే బతుకుద్దేటే? ఈ ఒక్క రోజూ నాకొగ్గేయండి, సూత్తాను." తండ్రి మాట తీసెయ్యలేక అత్త సాయంత్రం వస్తానని చెప్పి వెళ్లింది.

తాతయ్య వల తెచ్చుకుని గూటికి ఎదురుగా చాప వేసుకున్నాడు. నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. సీసా ముట్టకూడదు, నీళ్లు కదపకూడదు, చేపకు ధైర్యం చెప్పకూడదు. ఇన్నాళ్లూ దానికి అందరం ఏదో ఒకటి చేశాం తప్ప ఎవరమూ చూడలేదని అప్పుడు నాకు తోచలేదు. చిరాకేసింది. ఏదో మందు వేస్తాడనుకుంటే ఈయన వల అల్లుకుంటున్నాడేమిటని లోపల్లోపల విసుక్కున్నాను.

పొద్దెక్కింది. చేప నిక్కడం, గాజుకేసి దూకడం, అలిసిపోవడం, తిరిగి తోక కొరుక్కోవడం. మళ్లీ అదే వరస. చూస్తూ చూస్తూ నాకు కళ్లనీళ్లు వచ్చాయి. మధ్యలో గుమ్మంలో ఆడవాళ్ల మాటలు వినపడ్డాయి. నా చెయ్యి దానంతటదే తొడ కింద నుంచి నోటికి వెళ్లింది. తాతయ్య చూశాడు.

మధ్యాహ్నం మబ్బుకు ఇంట్లో చీకటి పడింది. అమ్మ తల దువ్వుకోవడానికి మేకు నుంచి అద్దం తీసుకుని గుమ్మంలో వెలుగుకు వెళ్లి కూర్చుంది. చేప మొప్పలు దించేసింది. రెక్కలు వాల్చి మెల్లగా పైకి వచ్చి ఒక బుడగ వదిలింది. తాతయ్య చేతిలో వల ఆగిపోయింది. అమ్మ జడ వేసుకుని, బొట్టు దిద్దుకుని, అద్దం మళ్లీ తగిలించింది. చేప ఒక్కసారిగా నిక్కి అద్దం వైపు దూకింది.

"ఓలమ్మ! ఎదరింకో మగసేప ఉందనుకుంటందే!" అని తాతయ్య తొడ చరిచి నవ్వాడు. అమ్మ చేత అద్దం మళ్లీ తీయించాడు, మళ్లీ పెట్టించాడు. అదే జరిగింది. అప్పుడు ఆయన నవ్వు తగ్గింది. "పొద్దస్తమానం ఎదురుగా పగోడు కూకుంటే ఏటి సేత్తాది? ఆడ్ని అందుకోనేక తన్నే కొరుక్కుంటంది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేపను చూడటం లేదు. నా వేళ్లకేసి చూస్తున్నాడు.

అద్దాన్ని అవతలి గోడకు మార్చాం. అయినా సీసా గాజులోనే దాని నీడ దానికి కనబడుతుందేమోనని తాతయ్య తన పాత గళ్ల లుంగీ చించి, వెనకా పక్కలా చుట్టి కట్టాడు. ముందు వైపు మాత్రం నాకోసం వదిలాడు. రాళ్ల మధ్య దాక్కునే చేపలను ఎరిగిన మనిషి కదా, దీనికీ చాటు కావాలనుకున్నాడు. వీధి చివర బాదం చెట్టు కింద ఎండిన ఆకు ఏరి, కడిగి నీళ్లలో వేశాడు. ఫైటర్ చేపలకు బాదం ఆకు నిజంగానే మంచిదని ఈమధ్య మా మనవరాలు ఫోన్లో చూసి చెప్పింది. తాతయ్య ఉంటే మీసం మెలేసేవాడు.

అక్కడితో ఆగలేదు. గుమ్మంలోకి వెళ్లి ఆడవాళ్లతో మెత్తగానే చెప్పాడు. బోట్ల కబుర్లు ఇకమీదట ఒడ్డున తన వలల దగ్గర చెప్పుకోమన్నాడు. నాతో మాత్రం రోజూ సాయంత్రం తానే వచ్చి ఉన్నదున్నట్టు చెబుతానన్నాడు. "కబురుంటే ఉందంతాను. నేకపోతే నేదంతాను. తలుపు సాటుకి ఎల్లకు" అన్నాడు. వల అల్లే వెదురు పుల్ల నా చేతిలో పెట్టి ముడి వేయడం నేర్పాడు. రెండు చేతులకూ పనుంటే వేళ్లు నోటికెలా వెళతాయి?

సాయంత్రం అత్త కొంగు బిగించుకుని వచ్చింది. సీసాకు లుంగీ చూసి ముందు తిట్టింది, తర్వాత ముందుకు వంగి చూసింది. చేప బాదం ఆకు కింద నిశ్చింతగా ఉంది. అత్త చాలాసేపు చూసింది. "కొరుక్కోటం నేదే" అంది చివరికి, ఎప్పుడూ వినని చిన్న గొంతుతో. చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆవిడకూ తమ్ముడి భయమే అని నాకప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత ఎన్నో సాయంత్రాలు తాతయ్య వచ్చి "ఈయాల కబురు నేదు" అన్నాడు. అది విన్నప్పుడు ఏడుపొచ్చేది, కానీ ఏడ్చేసి అన్నం తినగలిగేదాన్ని. ఒకరోజు మాత్రం ఆయన దూరం నుంచే లుంగీ ఎగ్గట్టి పరుగెత్తుకు రావడం చూసి నేనే ఎదురు పరుగెత్తాను. బోటు కాకినాడలో తలదాచుకుందట, అందరూ క్షేమమట. ఆ మాటకు నా ఒళ్లంతా తేలికైపోయింది. ఇసకలో కూలబడి నవ్వాను. నాన్న ఇంటికి రాగానే నన్ను ఎత్తుకుని సీసా దగ్గరకు వెళ్లాడు. కొరికిన చోట కొత్త తోక వస్తోంది, నీలం కాదు, నీళ్లలా తెల్లగా. నాన్న నా వేళ్లు పట్టుకుని చూశాడు. వాటికీ కొత్త గోళ్లు వస్తున్నాయి.

ఇప్పుడు మేం గాజువాకలో ఉంటున్నాం. మా అబ్బాయికి ఆటోనగర్లో లేతు మిషను మీద పని. మనవరాలు ఇంటర్ చదువుతోంది. ఈమధ్య ఆ పిల్ల కూర్చున్నచోటే కనుబొమ్మల వెంట్రుకలు పీక్కుంటోంది. వాళ్లమ్మ తిట్టింది, వేళ్లకు టేపు చుట్టింది. నేను ఒక పూటంతా దాని మంచం మీద కూర్చున్నాను. పుస్తకంలోంచి తలెత్తినప్పుడల్లా పిల్ల కళ్లు కిటికీలోంచి ఎదుటి మేడ మీదకు వెళుతున్నాయి. అక్కడ ఏదో కోచింగ్ సెంటరు వాళ్ల ఫ్లెక్సీ, నిండా ర్యాంకులొచ్చిన పిల్లల మొహాలు. చూపు అక్కడికి వెళ్లిన వెంటనే చెయ్యి కనుబొమ్మకు వెళుతోంది.

పిల్ల చదువుకునే బల్లను ఇటు గోడకు జరిపించి, పెట్టెలోంచి మా ఆయన పాత లుంగీ తీసి కిటికీకి కట్టాను. "ఇదేటి నానమ్మా, లుంగీ కట్టినావు?" అని పిల్ల పకపకా నవ్వింది. అప్పుడు దానికి ఈ చేప కథ చెప్పాను. ఆ నవ్వు విని కోడలు వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఇప్పుడు కనుబొమ్మల్లో సన్నగా కొత్త వెంట్రుకలు మొలుస్తున్నాయి. నేను రోజూ పక్కన కూర్చుని చూస్తున్నాను, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని.