పక్కింట్లో ఉండిపోయిన సంచి

పొద్దున కాఫీ కలుపుతుంటే మా ఆయన ఫోను టింగుమంది. ఆ వెంటనే ఇంకోసారి, మళ్ళీ ఇంకోసారి. భూగోళానికి ఈ కింది కొసన జూన్‌లోనే చలికాలం మొదలు. అది వచ్చిందంటే మా ఇంట్లో ఈ గోల మామూలే. కొండల మీద తొలి మంచు ఎప్పుడు పడుతుందో అందరికన్నా ముందు పసిగట్టడానికి ఈ దేశంలో ఉన్న కొందరు తెలుగు పెద్దమనుషులు వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. అందులో మాకు పడమటగా, దూరాన మాసన్ లేక్స్‌ అనే ఊళ్ళో ఉండే డాక్టరుగారిది పెద్దపీట. మబ్బులు పడమటి నుంచి వస్తాయట, ముందు తడిసేది ఆయన పెరడేనట. మాది తూర్పున రౌస్ హిల్. మా పెరట్లో మంచు ఏనాడూ పడలేదు, పడబోదు కూడా. అయినా మా ఆయనకి నిద్ర ఉండదు. వాతావరణం లెక్కగట్టే యూరప్ వాళ్ళ కంప్యూటర్ మోడల్ ఒకటంటుంది, అమెరికా వాళ్ళది ఇంకోటంటుంది, రెండూ పూటకోమాట మారుస్తాయి. సంబంధం ఎటూ తేల్చని వియ్యాలవారినైనా భరించవచ్చు గానీ వీటితో వేగడం నా వల్ల కాదు.

మా అత్తగారు వచ్చిన ఏడూ ఇదే తంతు. తెనాలి నుంచి వచ్చి ఆరునెలలు మాతో ఉన్నారు. ఇక వచ్చే సోమవారం తిరుగు విమానం అనగా ఇది జరిగింది. ఇక్కడ ఆవిడ నోరు తెరిచి అడిగింది ఒక్కటే, మంచు పడుతుండగా చూడాలని. నేల మీద పడున్నది కాదు, పైనుంచి దిగుతూ అరచేతిలో వాలేది. మా ఆయన మోడల్సన్నీ తిరగేసి శనివారం కొండలకి వెళ్దాం అన్నారు. "శనివారం ప్రయాణానికి పనికిరాదురా" అన్నారావిడ. మానేద్దామని కాదు. కుదరని రోజున బయలుదేరాల్సి వస్తే, ముందే మంచి ఘడియ చూసి సంచి పక్కింట్లో పెడతారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. దాన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. బుధవారం పొద్దున ఆవిడ స్వెట్టరు, శాలువా, మంకీ క్యాపు, ఉన్ని మేజోళ్ళు సంచిలో సర్ది పక్కింటి హైదరాబాదు ఆంటీకి అప్పగించారు. "పెట్టుండ్రి అమ్మా, మీరు తీస్కపొయ్యేదాంక భద్రంగ ఉంటది" అని ఆంటీ దాన్ని అలమరలో పెట్టారు.

శుక్రవారం మధ్యాహ్నం మా ఆయన ఆఫీసు నుంచి పరుగున వచ్చారు. "అమ్మా, లే! ఈ నైటే పడుతుంది. ఇప్పుడే స్టార్టవ్వాలి." తీరా చూస్తే పక్కింటికి తాళం. ఆంటీ కూతురింటికి వెళ్ళారు, ఫోను ఎత్తడం లేదు.

"దారిలో కొత్త స్వెట్టర్ కొందామమ్మా."

"ప్రస్థానం పెట్టిన సంచిని వదిలేసి కదలకూడదురా."

"నీ సంచి కోసం స్టార్మ్ ఆగదు!"

"వారం నుంచీ ఆగుతూనే ఉందిగా. ఇంకో గంట ఆగలేదూ?"

నవ్వాలో నెత్తి బాదుకోవాలో నాకు తెలియలేదు. సాయంత్రానికి ఆంటీ వచ్చి సంచి ఇవ్వబోయారు. ఈలోపు అమెరికా మోడల్ మళ్ళీ మాట మార్చింది. ఇవాళ వట్టి వానేనట, మంచు ఆదివారమట. మా ఆయన కారు తాళాలు బల్ల మీద పెట్టేశారు. సంచి ఆంటీ దగ్గరే ఉండిపోయింది. ఆ రాత్రే మంచు పడింది. తెల్లారేసరికి గ్రూపు నిండా ఫోటోలు. ఆదివారం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. తల్లీకొడుకులిద్దరి మీదా నాకు ఒళ్ళు మండిపోయింది.

సోమవారం సంచి తేబోతే ఆవిడ వారించారు. "ప్రయాణం చెయ్యకుండా వెనక్కి రాకూడదమ్మాయ్. పై ఏడు వస్తాగా, అక్కణ్ణుంచే తీసుకుని బయలుదేరదాం." పై ఏటికి ఆవిడ లేరు. ఆంటీ మాత్రం ఏటా చలికాలం ముందు ఆ స్వెట్టరు ఎండలో వేసి, మడిచి, మళ్ళీ సంచిలో పెడతారు.

ఇవాళ మా ఆయన కళ్ళద్దాలు నుదుటికెత్తి, "ఈ రాత్రికి పడేట్టుంది. ఎందుకైనా మంచిది, మోడల్ మళ్ళీ లెక్కగట్టాక ఆ రన్ కూడా చూద్దాం" అన్నారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఫోను లాక్కుని కందిపప్పు డబ్బాలో పడేసి పక్కింటి తలుపు తట్టాను. ఎక్కడికని అడక్కుండానే ఆంటీ సంచి తెచ్చి చేతికిచ్చారు. దాన్ని కారు వెనక సీట్లో, ఆవిడ కూర్చునే చోట పెట్టి బెల్టు బిగించాను. మా ఆయన తాళాలు పట్టుకొచ్చి కొండల వైపు కారు తీశారు. మంచు పడుతుందో లేదో నాకు తెలియదు, ఆ డాక్టరుగారికీ తెలియదు. ఆవిడ మంచి ఘడియ కోసం, ఈయన సరైన మోడల్ కోసం చూస్తుండగానే, కాలం ఎవర్నీ అడక్కుండా బయలుదేరి వెళ్ళిపోయింది.