ఎర్ర మందూ, అమ్మ మొక్కూ

తొంభైల చివర్లో, బాన్సువాడలో నేను కుట్టుపని నేర్చుకుంటున్నప్పుడు, నా ఛాతీలో గడ్డ ఉందని తేలింది. తేలింది ఇంట్లోవాళ్లకు. నాకు మాత్రం నిమ్ము చేరిందన్నారు. పట్నం దవాఖానలో సూదులు మొదలుపెట్టే ముందు అమ్మ, గుట్ట మీది దేవుడికి మొక్కుకున్నానంది.

"నీ జుట్టు ఇస్తనన్న బిడ్డా, కాదనకు."

నడుము దాటిన జడ నాది. ఏడుస్తూనే గుండు చేయించుకున్నాను. దేవుడి మీద భక్తి కన్నా అమ్మ మీద నమ్మకమే ఎక్కువ.

దవాఖానలో ఎర్రటి మందు ఎక్కించేవాళ్లు. రక్తం పట్టే మందని అన్న చెప్పాడు. తిన్నదంతా కక్కితే పైత్యమన్నారు. కనుబొమ్మలు రాలితే వేడి చేసిందని మజ్జిగ తాగించారు. ఇంటిల్లిపాదీ ఒకే మాట మీద ఉన్నారు.

రెండు సూదులకే దగ్గు తగ్గింది. "బలం మందే గదా, ఇగ నేను రాను" అని మొండికేశాను. అమ్మ ఒకటే ఏడుపు. బలం మందుకు ఇంత రాద్ధాంతమా అని విసుక్కుంటూ బస్సెక్కాను.

ఆ రోజు పక్క మంచం మీద ఉన్న పెద్దావిడదీ బోడిగుండే.

"నువ్వు ఏ దేవునికి మొక్కినవ్ అవ్వా?" అన్నాను.

"దేవుడేంది బిడ్డా, గీ ఎర్ర మందుకు ఎవలి జుట్టైనా రాలుతది. కేన్సర్ మందు గద."

అమ్మ వైపు చూశాను. తల దించుకుంది.

డాక్టర్ని నేనే అడిగాను. థైమస్ అనే గ్రంథికి అరుదుగా వచ్చే కేన్సర్ అట. మందుతో గడ్డ చిన్నదైతేనే ఆపరేషన్ చేయగలరట. మధ్యలో మానేస్తే మళ్లీ పెరుగుతుందట. నన్ను కాపాడాలని ఆడిన అబద్ధమే నన్ను చంపేదన్నమాట. పోయిన జడ కన్నా, నన్ను దేవుడి పేరుతో మోసం చేశారన్నదే మింగుడుపడలేదు.

ఆపరేషన్ అయింది, బతికాను. జుట్టు వేలెడు పెరిగాక అమ్మ మెల్లగా కదిపింది.

"అప్పుడు అబద్ధమాడిన గని, ఆపరేషన్ నాడు నిజంగనే మొక్కిన బిడ్డా. నీ జుట్టు..."

"నీ మొక్కు గద, నీ జుట్టే ఇచ్చుకో."

మర్నాడే గుట్టకు పోయి, గుండుకు గంధం పూసుకుని వచ్చింది. కొంగు తీసి, నా ముందు కూర్చుంది. జాలేసింది. కోపం మాత్రం పోలేదు. ఇవాళ్టికీ అమ్మ తలనొప్పి గోలీ ఇచ్చినా, మీద పేరు చదివిగానీ నోట్లో వేసుకోను.