కంప్యూటర్ చుట్టూ తాడు

తొంభైలు ముగుస్తున్న రోజుల్లో గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసకంతా కలిపి ఒకటే కంప్యూటర్ ఉండేది. పక్కింటి కాకది. బొగ్గుబాయిలో పనివాళ్ల మీద ఓవర్‌మన్‌గా చేసే కాక, డిగ్రీ చదివే బిడ్డ కోసం కొన్నాడు. దుమ్ము పడకుండా దానికి కుట్టించిన పూల తొడుగు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. మా ఇంట్లో ఎవరికీ అంత మంచి బట్టలు లేవు.

ఒక శనివారం పొద్దున, ఆ అమ్మాయి ఇంటర్నెట్ సెంటర్ నుంచి తెచ్చిన ఫ్లాపీ పెట్టగానే, సోమవారం కాలేజీలో ఇవ్వాల్సిన ప్రాజెక్టు మాయమైంది. ఎక్కడో విదేశంలో ఎవడో తయారుచేసి వదిలాడని పేపర్లో వచ్చిన వైరస్సే అది. ప్రాజెక్టు ఇవ్వకపోతే ఆమెకు ఏడాది పోయినట్టే.

కాక వెంటనే తనకు తెలిసిన పని చేశాడు. బాయిలో ప్రమాదం జరిగితే గనుల ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేదాకా ఆ చోటును ఎవరూ కదిలించకూడదు. అందుకని టేబుల్ చుట్టూ తాడు కట్టి, ఎర్రగుడ్డ వేలాడదీశాడు.

"ఎవ్వలు ముట్టద్దు. సాక్ష్యం ఖరాబైతది."

లా చదివి కేసుల్లేక ఖాళీగా ఉన్న నన్ను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు నడిచాడు. ఎస్సై ఓపికగా విన్నాడు.

"చేసినోడు ఏడున్నడు?"

"వేరే దేశంల," అన్నాను.

"మా హద్దు గోదావరి బ్రిడ్జి దాకనే గదా, వకీల్ సాబ్!"

నన్ను ఒకరు అలా పిలవడం అదే మొదలు. కేసు సంగతి కాసేపు మర్చిపోయాను.

తిరిగి వస్తూ కాకకు ధైర్యం చెప్పాను. ఇలాంటి నేరాల మీద దేశాలన్నీ కూర్చుని ఒప్పందం రాసుకుంటున్నాయని, ఒక దేశం అడిగితే ఇంకో దేశం కంప్యూటర్‌లోని సాక్ష్యం చెరిగిపోకుండా ఆపి ఉంచాలని.

"అంటే ఆళ్లు గూడ తాడే కడుతున్నరు," కాక మురిసిపోయాడు. "ఎన్నొద్దులైతది?"

"రెండు మూడేండ్లు పట్టచ్చు కాకా."

"గప్పటిదాక ఉండనీ."

గుమ్మంలో నిలబడ్డ బిడ్డ ఆ మాట విన్నది.

"బాపూ, బాయిల కప్పు కూలి మనిషి లోపల చిక్కితె గూడ ఇన్‌స్పెక్టర్ కోసమే చూస్తరా?"

"మనిషుంటె ఎట్ల చూస్తం? ముందుగాల తీస్తం."

"మరి లోపల నేనే ఉన్న గదా."

కాక తాడు దగ్గరికి నడిచాడు. ముడి గట్టిగా పడింది. తనే కింద కూర్చుని విప్పాడు. టీవీలు బాగుచేసే భాయ్ వచ్చి, "ఫికర్ చెయ్యకు కాకా, సగం దొరుకుతది," అన్నాడు. మిగతా సగం ఆదివారమంతా ఆమె టైపు చేసింది. పక్కన కాక రఫ్ నోట్‌బుక్ పట్టుకుని, ఒక్కో ఇంగ్లీషు అక్షరాన్నీ బాయిలో మిషన్ల చప్పుడు మీద అరిచినట్టే అరిచి చెప్పాడు. సోమవారం ఆమె ప్రాజెక్టు ఇచ్చే వేళకు మా వరుసలో సగం మందికి అది నోటికొచ్చేసింది.