మెత్తని షాకబ్జర్లు వద్దన్న రోజు

మా ఆర్మీ కాలమ్ అవనిగడ్డ చేరేసరికి ఉదయం ఆరుంపావు. నవంబరు. తుపాను దాటిన రెండో రోజు. సన్నజల్లు, తూర్పుగాలి. నాలుగు ట్రక్కులు, ముప్పై ఎనిమిది మందిమి, రెండు పడవలు. మూడో బండికి నేను డ్రైవరును. మాది గుడ్లవల్లేరు పక్కనే కాబట్టి సుబేదారు దారి అడిగినా నన్నే, మాట అడిగినా నన్నే. సొంత గడ్డ మీద డ్యూటీ! నా ఆనందం చూడాలి.

ఆర్డరు సులువు. గుడివాడ గోడౌన్లో బియ్యం ఎక్కించుకుని ఇక్కడి దీవి ఊళ్ళలో దింపాలి. తిరిగొచ్చేటప్పుడు రోగులుంటే బందరు ఆసుపత్రికి చేర్చాలి. అంబులెన్సులు రాలేని నీళ్ళలోకి మా బండి వెళ్తుంది.

నాలుగో రోజు వెనక షాకబ్జర్లు రెండూ ఆయిలు కక్కేశాయి. మా మెకానిక్కు మలయాళీ. గుడివాడలో కొనమన్నాడు. మెత్తనివే తెమ్మని మరీ మరీ చెప్పాడు. దుకాణదారు బల్ల మీద రెండు జతలు పెట్టాడు.

"ఇవి బస్సులకేసేవండీ. హైవే మీద కూర్చున్నవాళ్ళకి ఒళ్ళు నొప్పి తెలీదు. అవి లోడు లారీలవి. గట్టివే గానీ, ఖాళీగా వెళ్తే ఎత్తి కుదేస్తాయి."

"నేనేమన్నా పెళ్ళివారిని తీసుకెళ్తున్నానా బావగారూ? గట్టివే ఇవ్వండి."

ధాన్యం లారీల మధ్య పెరిగినవాణ్ణి. మా వైపు బండి ఎంత మోస్తుందనే అడుగుతారు గానీ, ఎలా మోస్తుందని ఎవరూ అడగరు. మెకానిక్కు వాటిని బిగిస్తూ తిట్టాడు. "బరువు మోసేది కమాన్ పట్టీలు, ఆ స్ప్రింగు రేకులు. షాకబ్జరు పని కుదుపు ఆపడం. నీ బుర్రకెక్కదా?" నేను నవ్వేశాను.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి నాగాయలంక దగ్గర బియ్యం దింపానో లేదో, రేడియో పలికింది. "మూడో బండీ, గోడ కూలి నడుం దెబ్బతిన్న మనిషి ఉంది. బందరు చేర్చు. కుదుపు తగలకూడదు. ఓవర్."

చేపలమ్మే ఆవిడ. నలభై ఏళ్ళుంటాయేమో. చెక్కకు కట్టి ఎక్కించారు. మా నర్సింగ్ అసిస్టెంటు వెనక ఆవిడ పక్కన కూర్చున్నాడు. బండి ఖాళీ. మొదటి గోతికే వెనకభాగం ఎగిరిపడింది. ఆవిడ కేక కేబిన్లోకి వినిపించింది. వేగం పదికి తగ్గించాను. ఏం లాభం? మళ్ళీ గొయ్యి, మళ్ళీ కేక.

అసిస్టెంటు కేబిన్ వెనక రేకు మీద బాదాడు. "ఆపు! కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంటోంది. ఇలాగే వెళ్తే ఇక నడవలేదు!"

ఆపి దిగాను. తప్పు అచ్చంగా నాది. నా గొప్పకి ఆవిడ బతుకు పాడవుతోంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

అప్పుడు కనిపించాయి, రోడ్డు వార బస్తాలు. తుపానుకు ముందే కోసిన ధాన్యం. తడిసి, గోనెసంచుల్లోంచి మొలకలు పైకొచ్చాయి. పక్కన ఒక పెద్దాయన, కౌలు రైతు. లోడు పడితే బండి అణుగుతుందని లారీల దగ్గర పెరిగినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన దగ్గరికి వెళ్ళాను.

"బాబాయ్, ఈ బస్తాలు బండిలో వేసుకుంటే..."

ఆయన లోపలున్న ఆవిడ వంక చూశాడు.

"మిల్లువాళ్ళెలాగూ ముట్టుకోరు నాయనా. ఈ ఏటికి నాకున్నదంతా ఇదే. ఎన్ని కావాలి?"

"ముప్పై."

"పట్టు మరి."

ఆవిడను చెక్కతోనే దింపి, ముగ్గురం కలిసి నలభై నిమిషాల్లో ఎక్కించాం. ఆవిడను బస్తాల మీద పడుకోబెట్టి కదిలాం. బండి ఒద్దికగా నడిచింది. మోపిదేవి దాటాం, చల్లపల్లి దాటాం. ఒక్క కేక లేదు. ఐదున్నరకు బందరు. డాక్టరు గారు పాదం గిల్లితే బొటనవేలు కదిలింది. అసిస్టెంటు నన్ను వాటేసుకున్నాడు.

ఆ సాయంత్రమే గుడివాడ వెళ్ళి మెత్తనివి తెచ్చాను. పన్నెండో రోజు కాలమ్ వెనక్కి బయల్దేరింది. తర్వాత పెన్షను తీసుకుని బందరులోనే స్థిరపడ్డాను. ఆ కబుర్లు, మెకానిక్కు తిట్లు, బియ్యం బస్తాల మీద కూర్చుని తాగిన టీలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు అటే లాగుతుంది.

అన్నిటికన్నా ముందు గుర్తొచ్చేది ఆ పెద్దాయన. ఆ రోజు బస్తాలన్నీ సర్దాక "ఆగండి, ఎక్కడైనా గుచ్చుకుంటుందేమో" అని తనే ఎక్కి వాటి మీద వెల్లకిలా పడుకున్నాడు. వీపుతో అటూ ఇటూ ఒత్తి చూశాడు. పచ్చటి మొలకలు ఆయన చెవుల దాకా వచ్చాయి. కాసేపు ఆకాశంలోకి చూసి, లేచి, "బానే ఉంది. ఇక అమ్మాయిని పడుకోబెట్టండి" అన్నాడు.