మా అన్న ఎక్కిన స్తంభం

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చివరి వారం, భద్రత గురించి చెప్పడానికి బయటినుంచి ఒకాయన్ని పిలిచారు. రిటైరైన లైన్‌మన్. ఆయన గేటు దగ్గర బండి స్టాండు వేస్తుండగానే గుర్తుపట్టాను. మా అన్న చనిపోయి జనాజా లేచిన రోజు వీధి చివర హెల్మెట్ కూడా తీయకుండా నిలబడి, అటునుంచి అటే వెళ్లిపోయిన మనిషి. మళ్లీ మా గడప తొక్కలేదు.

మా నాన్న తిరువూరులో పరుపులు కుడతాడు. అన్నకి ఆ దూది పడేది కాదు, ఒకటే దగ్గు. అందుకే కరెంటు పనిలోకి వెళ్లాడు. పేరుకి ఈ లైన్‌మన్ కింద హెల్పరు. తీగ తెగినా, ఫ్యూజు పోయినా స్తంభం ఎక్కేది అన్న, కింద నిలబడి రైతులతో కబుర్లాడేది ఆయన. ఎ.కొండూరు దారిలో ఒక మామిడితోటలో గాలివానకి తీగ తెగిన రోజు ఆయన కింద కూడా నిలబడలేదు. "సప్లై తీయించాను, ఎక్కరా" అని ఫోన్లో చెప్పాడు. అన్న ఎక్కి తీగ పట్టుకున్నాడు. అందులో కరెంటు ఉంది.

"మీవాడు ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడాడు సాయిబుగారూ, ఆ మాట నేనూ విన్నాను" అని తోట రైతు ఆసుపత్రి వరండాలో నాన్నకి చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. మర్నాడు పోలీసుల ముందు అదే మనిషి, "నేను మోటారు దగ్గరున్నానండి, నాకేం వినపళ్లేదు" అన్నాడు. కరెంటాఫీసువాళ్లు ఇంకా తేలిగ్గా తేల్చేశారు. ఆ కుర్రాడు అసలు మా మనిషే కాదు, కాంట్రాక్టరు పెట్టుకున్నవాడన్నారు.

నేను ఈ కోర్సులో చేరతానంటే అమ్మ, "ఒకణ్ణి మింగింది చాల్లేదా దానికి?" అని చాలా రోజులు నాతో మాట్లాడలేదు. కరెంటు మీద ఇష్టంతో చేరలేదు నేను. ఆ రోజు ఏం జరిగిందో నాకు ఎవరూ అబద్ధం చెప్పి ఒప్పించలేకుండా ఉండాలని చేరాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి మొదలుపెట్టాడు. "కుర్రతనంలో తొందరెక్కువ. మా దగ్గర ఒకడుండేవాడు. లైన్ క్లియర్ తీసుకోకుండా ఎక్కేశాడు. నాకు చెప్పనైనా చెప్పలేదు. ప్రాణం పోగొట్టుకున్నాడు."

లైన్ క్లియర్ అంటే సబ్‌స్టేషన్‌తో మాట్లాడి ఆ లైన్లో సరఫరా ఆపించి, పని అయ్యేదాకా ఇవ్వకుండా చూసుకోవడం. మాకు మొదట్లోనే నేర్పారు. లేచాను.

"లైన్ క్లియర్ ఎవరు తీసుకోవాలి సార్?"

"లైన్‌మనే తీసుకోవాలమ్మా."

"హెల్పరు అడిగితే ఇస్తారా?"

"ఇవ్వరు."

"మరి తీసుకోలేదని అతన్నెందుకు అంటున్నారు?"

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఎవరమ్మాయివి నువ్వు?"

"పరుపుల సాయిబుగారి కూతుర్ని. మీరు చెప్పినతని చెల్లెల్ని."

మా సార్ గబగబా, "కూర్చోమ్మా, ఆయన గెస్టు" అన్నాడు. నేను కూర్చోలేదు.

"అయిపోయిన సంగతి కదమ్మా" అన్నాడాయన.

"మీకు అయిపోయింది" అన్నాను. ఆ తర్వాత ఆయన ఫ్యూజుల గురించి ఏదో చెప్పాడు. నేను వినలేదు.

సాయంత్రం గేటు బయట నాకోసం ఆగాడు. "పాసయ్యాక కనపడు. కాంట్రాక్టరు మనవాడే. పనిలో పెట్టిస్తాను."

"మా అన్ననీ మీరే పెట్టించారు" అన్నాను. బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు.

క్లాసులో సగం మంది, పెద్దాయన్ని పట్టుకుని అంత మాటంటావా అన్నారు. ఇంటికొచ్చి చెబితే నాన్న సూది ఆపకుండానే, "వాళ్లతో మనకెందుకమ్మా, రేపు నీకు పని కావాలంటే వాళ్లేగా ఇవ్వాల్సింది" అన్నాడు. ఆ లైన్‌మన్ మీద వచ్చినంత కోపం నాన్న మీదా వచ్చింది. అన్న పోయినప్పుడూ ఇలాగే తల వంచుకుని కుట్టాడు.

అమ్మ మాత్రం, "తల దించుకున్నాడా?" అని అడిగింది.

"లేదమ్మా."

"దించుకోడు" అని, నాకు అన్నం పెట్టి తనూ పెట్టుకుంది. అన్న పోయాక మేమిద్దరం ఒకచోట కూర్చుని తినడం తక్కువ.

స్తంభం ఎక్కే పరీక్షలో పాసయ్యాను. ఎక్కేముందు సప్లై ఆపారో లేదో నేనే వెళ్లి చూసుకున్నాను. సర్టిఫికెట్టు వచ్చింది. నాన్న ఫ్రేము కట్టిస్తానన్నాడు, వద్దన్నాను. ఇప్పుడు ఊళ్లో ఇళ్లకి, కొట్లకి వైరింగు చేస్తున్నాను. కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లలేదు.

అప్పుడప్పుడు బస్టాండు దారిలో నేను నిచ్చెన మీద ఉండగా ఆయన ఎదురొస్తాడు. నన్ను చూసి బండి పక్క సందులోకి తిప్పేస్తాడు. ముసలాయన కదా, క్షమించేయొచ్చుగా అంటారు కొందరు. ఆయన నన్ను ఇంతవరకూ క్షమించమని అడగలేదు. అడిగినా నేను క్షమించను.